ఊటీ కొండ ఉండగా అంతరిక్షంలో డిటెక్టరు ఎందుకు? విశ్వకిరణాల మీద అడిగిన మూడు ప్రశ్నలకు జవాబు

పర్లాకిమిడిలో బీఎస్సీ భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థి మూడు విషయాలు అడిగారు. ఊటీలో వందల డిటెక్టర్లతో విశ్వకిరణాలను, అంటే అంతరిక్షం నుంచి భూమి మీదికి దూసుకొచ్చే కణాలను, పరిశీలిస్తూ ఉండగా, అదే పని కోసం టన్నుల బరువున్న పరికరాన్ని 400 కిలోమీటర్ల పైకి పంపడం ఎందుకన్నది మొదటిది. అక్కడ ఒక కణం డిటెక్టరులోంచి దూసుకుపోతే అది ప్రోటానో పాజిట్రానో (ధనావేశం గల ఎలక్ట్రాను వంటి కణమో) ఎలా తెలుస్తుందన్నది రెండోది. గజపతి, గంజాం, కోరాపుట్ జిల్లాల్లో ఉంటూ ఈ విషయంలో సొంతంగా చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది మూడోది. బెలూన్లకు కట్టి పంపే డిటెక్టర్ల పనిలో కొన్నేళ్ళు గడిపి ఇప్పుడు బరంపురంలో ఉంటున్నవాణ్ణి కనుక, నాకు బాగా తెలిసిన మేరకు రాస్తున్నాను.

ప్రశ్న అడిగిన తీరులోనే ఒక భావం దాగి ఉంది. పైకి వెళితే విశ్వకిరణాలు పుట్టే చోటికి కొంత దగ్గరవుతామని చాలామంది అనుకుంటారు. ఈ కణాలలో ఎక్కువ భాగం మన పాలపుంతలోనే, వేల కాంతి సంవత్సరాల దూరంలో పేలిపోయిన నక్షత్రాల అవశేషాలలో వేగం పుంజుకుంటాయని ఇప్పుడు చాలావరకు ఒప్పుకొంటున్నారు. ఆ దూరం ముందు 400 కిలోమీటర్లకు లెక్కే లేదు. భువనేశ్వర్ నుంచి విశాఖపట్నానికి రైలు దారి అంతకంటే ఎక్కువ. కాబట్టి పైకి వెళ్ళేది దగ్గరవడానికి కాదు, గాలిని దాటడానికి. మన తల మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు కిలోకు కాస్త పైబడిన గాలి ఉంది, అంటే పది మీటర్ల లోతు నీటితో సమానమైన అడ్డు. బయటి నుంచి వచ్చిన ప్రోటాను సగటున 90 గ్రాముల గాలి దాటేసరికి ఏదో ఒక కేంద్రకాన్ని ఢీకొంటుంది. ఇనుము కేంద్రకమైతే దాదాపు 15 గ్రాములలోపే పగిలిపోతుంది. నేల దాకా చేరేవి దాని తునకలకు పుట్టిన తునకలు, వాటిలో ముఖ్యంగా మ్యూవాన్లు, అంటే ఎలక్ట్రాను లాంటివే కానీ బరువైన కణాలు. మన అరచేతి మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పడుతున్నవి ఇవే. తొలి కణం నేలను చేరడం దాదాపు జరగదు.

ఈ సంగతి తెలియడానికి కూడా మనిషి పైకి వెళ్ళవలసే వచ్చింది. విక్టర్ హెస్ 1912 ఆగస్టు 7న బెలూన్‌లో 5 వేల మీటర్లకు పైగా ఎక్కి, అయనీకరణం (గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోవడం) ఎత్తుతో పాటు పెరుగుతోందని చూపాడు. ఆ పనికి 1936లో నోబెల్ వచ్చింది. పాజిట్రానును కనుగొన్న కార్ల్ ఆండర్సన్‌తో కలిపి పంచుకున్నాడు. ఆనాటి ప్రశ్న కిరణాలు కింది నుంచి వస్తున్నాయా పై నుంచా అన్నదే. ఈనాటి ప్రశ్న అంతకన్నా సూక్ష్మం: వస్తున్నది ఏ కణం, ఎంత శక్తితో, ఏ ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకం)?

ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగంలో కణం తగిలితే మెరిసే సింటిలేటరు డిటెక్టర్లు సుమారు 400, 560 చదరపు మీటర్ల మ్యూవాన్ టెలిస్కోపు ఉన్నాయి. ఒక జల్లు, అంటే ఒక్క తొలి కణం నుంచి పుట్టిన తునకల గుంపు, నేలను తాకినప్పుడు ఎన్ని కణాలు పడ్డాయో, ఏది ఎంత ముందు పడిందో చూసి తొలి కణం శక్తినీ దిశనూ చక్కగా లెక్కగడతారు. కానీ అది ప్రోటానా ఇనుమా అన్నది ఆ ఒక్క జల్లును చూసి చెప్పలేరు. జల్లులో మ్యూవాన్ల వాటా ఎంతో చూసి, కంప్యూటరులో నడిపిన నమూనాలతో పోల్చి, వేల జల్లుల సగటు మీద బరువైన కేంద్రకాల భాగం ఇంత అని తేలుస్తారు. ఇందులో గాలిలో జరిగే ఢీకొట్టుడు గురించి మన అవగాహన కూడా కలిసి ఉంటుంది. అది మారితే జవాబూ మారుతుంది. అంతరిక్షంలోని డిటెక్టరులో మాత్రం కణం పగలక ముందే లోపలికి వస్తుంది కనుక ఒక్కొక్క దానికీ విడివిడిగా పేరు పెట్టవచ్చు.

అలాగని అంతరిక్షమే గొప్పది, నేల మీది పని పాతబడిందని అనుకోవద్దు. శక్తి పదింతలు పెరిగితే, అంతకు పైబడిన కణాల సంఖ్య దాదాపు యాభయ్యోవంతుకు పడిపోతుంది. ముప్పై లక్షల గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది కణాల శక్తికి కొలమానం) దగ్గర, సంఖ్య పడిపోయే వేగం మారే చోట, చదరపు మీటరుకు ఏడాదికి ఒక కణం వస్తుంది. పది వేల కోట్ల గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చదరపు కిలోమీటరుకు నూరేళ్ళకు ఒకటి. చదరపు మీటరుకు అటూ ఇటూ ఉండే ఉపగ్రహ పరికరం అక్కడ ఎన్నేళ్ళు కాచుకున్నా ఫలితం లేదు. అందుకే అర్జెంటీనాలో పియెర్ ఒజే వేధశాలను 3 వేల చదరపు కిలోమీటర్ల మేర పరిచారు. అరుదైన కణం కావాలంటే నేల, కణం ఎవరో తెలియాలంటే అంతరిక్షం.

మధ్యలో బెలూన్ ఉంది, నా అభిమానం దాని మీదే. 35, 40 కిలోమీటర్ల ఎత్తుకు చేరితే పైన నాలుగైదు గ్రాముల గాలి మాత్రమే మిగులుతుంది, ఖర్చు ఉపగ్రహంతో పోలిస్తే చాలా తక్కువ, పైగా పరికరం తిరిగి చేతికి వస్తుంది. అయితే ఆ నాలుగు గ్రాములు కూడా ఊరుకోవు: వచ్చిన ఇనుము కేంద్రకాలలో నాలుగింట ఒకటి వాటిలోనే పగిలిపోతుంది, ప్రతిప్రోటాన్ల (రుణావేశపు ప్రోటాన్లు, యాంటీప్రోటాన్లు) వంటి అరుదైన కణాలనైతే ఆ గాలే కొత్తగా పుట్టించి మన లెక్కలో కలుపుతుంది. ఆ దిద్దుబాట్లు చేసి చేసి విసిగినవారే ఉపగ్రహం కావాలని గట్టిగా అడిగారంటే ఆశ్చర్యం లేదు.

ఇక రెండో ప్రశ్న. దీనికి ఏఎంఎస్-02 అనే అంతరిక్ష డిటెక్టరు మంచి ఉదాహరణ. భౌతికశాస్త్రవేత్త శామ్యూల్ టింగ్ నాయకత్వంలో తయారైన ఈ ఏడు టన్నుల పరికరాన్ని 2011 మే 16న ఎండీవర్ షటిల్ తీసుకెళ్ళింది, మూడు రోజుల తరువాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బిగించారు. కణం గురించి మనకు కావలసినవి ఆవేశం, వేగం, ద్రవ్యవేగం, దిశ. ఆవేశం సులువు: పలుచని సిలికాన్ పొరను దాటేటప్పుడు కణం పోగొట్టుకునే శక్తి దాని ఆవేశపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, అంతే వేగంతో వెళ్ళే ప్రోటాను కంటే ఇనుము కేంద్రకం 26 వర్గం, అంటే 676 రెట్ల సంకేతం ఇస్తుంది. దాని పక్కనున్న మాంగనీసు 625 రెట్లు ఇస్తుంది. ఆ తేడాను పలు పొరలలో మళ్ళీ మళ్ళీ కొలిచి రెండింటినీ వేరు చేస్తారు.

ఆవేశం ధనమా రుణమా అన్నదే అసలు చిక్కు. దానికి అయస్కాంతం కావాలి. అయస్కాంత క్షేత్రంలో కణం వంగే వ్యాసార్ధం, ద్రవ్యవేగాన్ని ఆవేశంతో భాగించగా వచ్చే రిజిడిటీ మీద ఆధారపడుతుంది. మీరే ఒకసారి లెక్క వేయండి. ఏఎంఎస్ క్షేత్రం సుమారు 0.14 టెస్లా, వెయ్యి గిగావోల్టుల రిజిడిటీ ఉన్న కణానికి వంపు వ్యాసార్ధం దాదాపు 24 కిలోమీటర్లు వస్తుంది. ఒక మీటరు పొడవున అది సరళరేఖ నుంచి పక్కకు జరిగేది అయిదు మైక్రాన్లు. తొమ్మిది సిలికాన్ పొరలను మూడు మీటర్ల దూరం మేర పరిచి, ఒక్కొక్క దానిలో కణం తాకిన చోటును పది మైక్రాన్ల లోపు పట్టుకుంటే తప్ప అంతటి శక్తి వద్ద అది ఎడమకు వంగిందో కుడికి వంగిందో చెప్పలేము. ఇదంతా గంటన్నరకు ఒకసారి ఎండలోంచి చీకట్లోకి వెళ్ళి వచ్చే ఇంట్లో జరగాలి. వేడికి చట్రం వ్యాకోచించి పొరలు జరిగినా, ఆ జరుగుదలను కణాల జాడలతోనే ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉండాలి.

ఇంకో చిన్న సంగతి ఉంది, విద్యార్థులు తరచూ దాటిపోతారు. పై నుంచి కిందికి వచ్చే యాంటీప్రోటానూ, కింది నుంచి పైకి పోయే ప్రోటానూ అయస్కాంతంలో ఒకే జాడ గీస్తాయి. కనుక కణం ఏ వైపు నుంచి ప్రవేశించిందో ముందుగా తేలాలి. అయస్కాంతానికి పైనా కిందా ఉంచిన సింటిలేటరు పలకలలో ఏది ముందు మెరిసిందో నానో సెకనులో చిన్న భాగం వరకూ కొలిచి ఆ విషయం నిర్ధారిస్తారు. ఇది లేకుంటే ప్రతిపదార్థం (యాంటీమాటర్) కొల్లలుగా దొరికిందని ప్రకటించుకోవలసి వచ్చేది.

ఆ తరువాత పాజిట్రాను. దానికీ ప్రోటానుకూ ఒకటే ఆవేశం, అయస్కాంతం రెండింటినీ ఒకే వైపు వంచుతుంది, పైగా పాజిట్రాను ఒక్కటి ఉన్నచోట ప్రోటాన్లు వేలల్లో ఉంటాయి. అందుచేత రెండు వేర్వేరు పద్ధతులతో తనిఖీ చేస్తారు. ఒకటి, పాజిట్రాను తేలికైనది కావడం వల్ల అదే శక్తి వద్ద కాంతి వేగానికి మరింత దగ్గరగా వెళుతూ, పలుచని పీచు పొరల అంచులు దాటినప్పుడు ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది, ప్రోటాను వెదజల్లదు. రెండు, అడుగున ఉన్న, శక్తిని కొలిచే సీసపు క్యాలరీమీటరులో పాజిట్రాను పుట్టించే జల్లు చిన్నగా, నిండుగా, లోపలే ముగుస్తుంది. ప్రోటాను జల్లు చెదురుమదురుగా ఉండి తరచూ బయటికి పోతుంది. రెండు తనిఖీలూ ఒకదానికొకటి సంబంధం లేనివి కనుక, ఒక్కొక్కటి వెయ్యిలో ఒక ప్రోటానును పొరపాటున వదిలినా రెండూ కలిసి పది లక్షలలో ఒకదానినే వదులుతాయి.

ఈ శ్రమంతా దేనికంటే, 2006లో ఎగిరిన పమేలా అనే పరికరం 2009లో ప్రకటించిన ఫలితం కోసం. విశ్వకిరణాలు నక్షత్రాల మధ్య వాయువును ఢీకొని పాజిట్రాన్లను పుట్టించడమే కారణమైతే శక్తితో పాటు వాటి వాటా తగ్గాలి. పమేలా చూస్తే పెరుగుతోంది. ఏఎంఎస్ దానిని ధ్రువపరచి, మూడు వందల గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో పాజిట్రాన్ల ప్రవాహం గట్టిగా పడిపోతున్నదని కూడా చూపింది. కంటికి కనిపించని కృష్ణపదార్థపు (డార్క్ మాటర్) కణాలు ఒకదానినొకటి నాశనం చేసుకోవడం వల్ల అని కొందరు, దగ్గరలోని పల్సార్ల (పేలిన నక్షత్రాల నుంచి మిగిలి వేగంగా తిరిగేవి) వల్ల అని మరికొందరు వాదిస్తున్నారు. నా మొగ్గు పల్సార్ల వైపు, ఎందుకంటే అవి ఉన్నాయని మనకు వేరే విధంగా తెలుసు. కృష్ణపదార్థం కణాలేమిటో తెలియదు. పత్రికలు మాత్రం కృష్ణపదార్థాన్నే పెద్ద అక్షరాలతో వేస్తాయి.

అయస్కాంతం విషయంలో ఒక నిర్ణయాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ఏఎంఎస్‌కు మొదట ద్రవ హీలియంతో చల్లబరిచే అతివాహక (సూపర్ కండక్టింగ్) అయస్కాంతం సిద్ధమైంది, దాని క్షేత్రం అయిదారు రెట్లు బలమైనది. హీలియం మాత్రం మూడేళ్ళకు మించి రాదని అంచనా. అంతరిక్ష కేంద్రం ఆయుష్షు పొడిగిస్తారని తెలియగానే, 2010లో దానిని తీసివేసి, 1998లో డిస్కవరీ షటిల్‌లో ఎగిరివచ్చిన పాత నియోడిమియం అయస్కాంతాన్నే పెట్టారు. అప్పట్లో విమర్శలు వచ్చాయి. కానీ అరుదైన కణాల వేటలో బలమైన అయస్కాంతం మూడేళ్ళు ఉండటం కంటే బలహీనమైనది పదిహేనేళ్ళు ఉండటం మేలు. ఏఎంఎస్ ఇప్పటికి ఇరవై వేల కోట్లకు పైగా కణాలను నమోదు చేసింది. నడుమ సిలికాన్ పొరలను చల్లబరిచే పంపులు ఒక్కొక్కటే మొరాయించాయి. అంతరిక్షంలో మరమ్మతు చేయాలన్న ఆలోచనతో కట్టిన పరికరం కాదది, పట్టుకోవడానికి కడ్డీలు కూడా లేవు. అయినా 2019 నవంబరు నుంచి 2020 జనవరి వరకు వ్యోమగాములు లూకా పర్మిటానో, ఆండ్రూ మోర్గాన్ నాలుగు సార్లు బయటికి వెళ్ళి, ఉక్కు గొట్టాలను కోసి కొత్త పంపులను అతికించి వచ్చారు.

అయస్కాంతం లేని పరికరాలూ ఉన్నాయి. జపాన్ వారి క్యాలెట్, చైనా వారి డాంపే రెండూ 2015లో ఎగిరాయి. మందపాటి స్ఫటికాలతో శక్తిని కొలవడం వాటి బలం. కణం ధనమా రుణమా అన్నది అవి చెప్పలేవు, కానీ ఏఎంఎస్ చేతులెత్తేసే అధిక శక్తుల వద్ద పనిచేస్తాయి. వీటికి పూర్తిగా భిన్నమైనది ఏస్ ఉపగ్రహం. 1997 ఆగస్టులో బయలుదేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలబడి, తక్కువ శక్తి కేంద్రకాలను సిలికాన్ పొరల దొంతరలో పూర్తిగా ఆపివేసి వాటి ద్రవ్యరాశిని కొలిచింది. 17 ఏళ్ళ కొలతలలో అది పట్టినవి సుమారు మూడున్నర లక్షల ఇనుము కేంద్రకాలు, వాటిలో ఇనుము-60 అనే రేడియోధార్మిక ఐసోటోపు పదిహేనే పదిహేను. దాని అర్ధాయువు, అంటే సగం కేంద్రకాలు విచ్ఛిన్నమయ్యే కాలం, 26 లక్షల సంవత్సరాలు. అంటే ఆ కేంద్రకాలు పుట్టి, వేగం పుంజుకొని, మన దాకా చేరడానికి కొన్ని మిలియన్ల సంవత్సరాలకు మించి పట్టలేదు. వాటి పుట్టుక మన పొరుగున జరిగిన సూపర్‌నోవాలలోనే. పదిహేనుకు గణాంక దోషం దాదాపు నాలుగు కనుక సంఖ్య కొంత అటూ ఇటూ కావచ్చు, కానీ అవి ఉన్నాయన్న మాట నిలుస్తుంది. నేల మీద ఎంత పెద్ద డిటెక్టరు కట్టినా ఈ పదిహేనింటిలో ఒక్కటీ దొరకదు. నన్ను అడిగితే, ఈ రంగంలో ఇంత తక్కువ సంఖ్యతో ఇంత పెద్ద మాట చెప్పిన కొలత మరొకటి లేదు.

మన దేశం పాత్ర గురించి కూడా రాయాలి, ఎందుకంటే మూడో ప్రశ్నకు దారి అక్కడి నుంచే ఉంది. 1985లో ఛాలెంజర్ షటిల్‌లోని స్పేస్‌ల్యాబ్-3లో అనూరాధ అనే భారతీయ ప్రయోగం ఎగిరింది. టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సుకుమార్ బిశ్వాస్ దానికి ముఖ్యుడు. అందులో ఉన్నవి సీఆర్-39 ప్లాస్టిక్ పలకల దొంతరలు. కేంద్రకం దూసుకుపోయిన చోట ప్లాస్టిక్ బలహీనపడుతుంది, తిరిగి తెచ్చాక క్షారంలో ముంచితే ఆ చోట సూక్ష్మదర్శినిలో కనిపించే గుంట ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోయిన కేంద్రకమైతే భూమి అయస్కాంత క్షేత్రాన్ని దాటి ఆ చోటికి రాలేనంత తక్కువ శక్తి గల కణాలు అందులో దొరికాయి. అంటే అవి కొన్ని ఎలక్ట్రాన్లను ఇంకా అంటిపెట్టుకొని ఉన్నవన్నమాట. గమనించండి, పరికరంలో అయస్కాంతం లేదు. భూమినే అయస్కాంతంగా వాడుకున్నారు. 2008లో ఎగిరిన ఫెర్మి గామా కిరణాల టెలిస్కోపు వారు కూడా తరువాత ఇదే ఉపాయం పన్నారు: తూర్పు దిక్కున ఏ కోణాల నుంచి ఒక జాతి ఆవేశం రాకుండా భూమి అడ్డుకుంటుందో, పడమట ఏ కోణాల నుంచి రెండోది రాదో చూసుకొని, పాజిట్రాన్లనూ ఎలక్ట్రాన్లనూ వేరు చేసి, పమేలా మాటను నిజమని తేల్చారు. (2023 సెప్టెంబరులో బయలుదేరిన ఆదిత్య-ఎల్1లోనూ కణ డిటెక్టర్లు ఉన్నాయి, కానీ అవి కొలిచేది ప్రధానంగా సూర్యుని నుంచి వచ్చే చాలా తక్కువ శక్తి కణాలను, ఈ చర్చలోకి అవి రావు.)

మూడో ప్రశ్నకు నా జవాబు ఇదే ఉపాయం. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాము. ధ్రువాల వద్దకు చేరగలిగే తక్కువ శక్తి కణాలు మన వైపు రాలేవు. దక్షిణ భారతంలో నిలువుగా రావాలంటే సుమారు 17 గిగావోల్టుల రిజిడిటీ ఉండాలి. పడమటి నుంచి వచ్చే ధనావేశ కణాలకు ఈ హద్దు తక్కువ, తూర్పు నుంచి వచ్చేవాటికి ఎక్కువ. 1930లలో ఈ తూర్పు పడమరల తేడాను కొలిచే విశ్వకిరణాలలో ఎక్కువ భాగం ధనావేశం కలవని తేల్చారు. యూరప్ దేశాలలో ఈ తేడా బాగా తక్కువ, మన దగ్గర స్పష్టం. ఈ విషయంలో పర్లాకిమిడి కాలేజీ మేడ జెనీవా కంటే మంచి చోటు.

రెండు చిన్న సింటిలేటరు పలకలను ఒక చట్రంలో కొంత ఎడంగా అమర్చి, రెండూ ఒకేసారి మెరిసినప్పుడు మాత్రమే లెక్కించేలా ఎలక్ట్రానిక్స్ పెట్టి, చట్రాన్ని 45 డిగ్రీలు వాల్చి ఒకసారి పడమటికీ ఒకసారి తూర్పుకూ తిప్పండి. అయిదు శాతం తేడాను దాని దోషానికి మూడు రెట్లుగా చూపాలంటే ఒక్కొక్క దిక్కుకు 7,200 కణాలు కావాలి. నిమిషానికి అయిదు చొప్పున పడితే ఒక్కొక్క దిక్కుకు పూర్తిగా ఒక రోజు. కొత్తవలస–కిరండోల్ లైను సొరంగాలలో మ్యూవాన్లు తగ్గడం చూద్దామని కొందరు విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. ఆలోచన బాగుంది గానీ సొరంగంలో రైలు ఉండే కాసేపట్లో పడేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, వాటితో ఏమీ తేలదు. దేవమాలి కొండ మీదా గోపాల్‌పూర్ తీరంలోనూ నిలువు లెక్క తీసి పోల్చడం నయం.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. గాలి పీడనం ఒక మిల్లీబారు పెరిగితే మ్యూవాన్ల లెక్క శాతంలో ఒకటి రెండు పదోవంతులు తగ్గుతుంది. బంగాళాఖాతంలో పెను తుపాను వచ్చిన రోజుల్లో పీడనం ఇరవై, ముప్పై మిల్లీబార్లు పడిపోవడం మన తీరానికి కొత్త కాదు. మొదటి రోజు తూర్పు, రెండో రోజు పడమర కొలిస్తే మీకు కనిపించే తేడా వాతావరణానిదే అయి కూర్చుంటుంది. గంటకొకసారి దిక్కు మార్చండి, ప్రతిసారీ పీడనం రాసి పెట్టుకోండి, రెండు పలకలనూ ఒకసారి పైకీ కిందికీ మార్చి చూడండి. పడమటి లెక్క ఎక్కువ వస్తే సరే. తూర్పు ఎక్కువ వస్తే ముందు చట్రం వాలును కోణమానినితో రెండు వైపులా సరిచూడండి, గోడో చెట్టో ఒక వైపు అడ్డు ఉందేమో చూడండి, ఆ తరువాత పట్టికతో సహా ఇక్కడ రాయండి.